నట్టింటి నల్లబంక

హోసూరులో ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్న రోజులవి. ఆ రోజుల్లో అశ్వత్థప్ప ఇంటికి ఎవరు పోయినా గడప దగ్గర నిలబడి రెండు మాటలు వినవలసి వచ్చేది. మొదటిది, "చెప్పులు ఆడనే విడువప్పా." రెండోది, "మెల్లగా రా, నున్నగా ఉండాది, జారుతాది." ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. వచ్చినవాడు జారి పడితే నడుము విరుగుతుందన్న భయం అందులో వీసమెత్తు ఉండదు. జారేటంత నున్నటి నేల ఈ వీధిలో ఇంకెవరికి ఉంది అన్న సంతోషం మాత్రం బుట్టెడు ఉంటుంది.

నిజానికి అది మామూలు కాంక్రీటు నేలే. దాని మీద బెంగుళూరు నుంచి తెప్పించిన నీలం, తెలుపు గళ్ళ ప్లాస్టిక్ షీటు పరిచి, తారులాంటి నల్లబంకతో అంటించారు. అశ్వత్థప్పకు బస్టాండు దగ్గర బెల్లం మండీ ఉంది. బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళను కూడా ఇంటికి పిలుచుకుపోయి నేల చూపించేవాడు. కొందరు గొంతుకూర్చుని చేత్తో తడిమేవారు. ఒక ముసలామె అయితే దండం పెట్టుకుని మరీ కాలు పెట్టింది.

ఏడాది తిరిగేసరికి కింది నుంచి చెమ్మ ఎక్కింది. షీటు అక్కడక్కడా పూరీలాగా ఉబ్బింది. అశ్వత్థప్ప ఊరుకుంటాడా? ఉబ్బిన చోటల్లా ఏదో ఒక సామాను పెట్టాడు. ఒకచోట కుర్చీ, ఒకచోట బియ్యం మూట, ఇంకోచోట భార్య ఆదిలక్ష్మమ్మ కుట్టుమిషను. చివరికి నట్టింట్లో నడవడానికి దారి లేకుండా పోయింది. వచ్చినవాళ్ళు నేలను చూడడం మాని, "ఏమప్పా, ఇల్లు ఖాళీ చేస్తా ఉండారా?" అని అడగసాగారు.

ఇంతవరకు మనం నవ్వుకోవచ్చు. ఎవరి గొప్ప వారిది. కాని గొప్పకు ఒక చెడ్డ గుణం ఉంది చూడండి. దాని ఖర్చు అది ఎప్పుడూ తాను పెట్టుకోదు. పక్కన ఎవరు బలహీనంగా కనిపిస్తే వాళ్ళ తల మీద వేస్తుంది.

అశ్వత్థప్ప కొడుకుకు కృష్ణగిరి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి కేశవప్పకు మామిడి తోటలున్నాయి. పిల్లనిచ్చే ముందు పిల్లవాడి ఇల్లు చూసి పోవడం ఆ వైపు వాడుక. శుక్రవారం వస్తామని కబురు చేశారు. ఆ కబురు మంగళవారం అందింది. అశ్వత్థప్ప వెంటనే ఆంజప్పను పిలిపించాడు.

ఆంజప్పది అంచెట్టి కొండల్లో గొర్రెలు మేపుకునే కుటుంబం. వానలు మొహం చాటేస్తే భార్య గంగక్కను, చంటిబిడ్డను తీసుకుని హోసూరు దిగాడు. కట్టడం పనుల్లో ఇద్దరూ కూలి చేసేవారు. ఆంజప్పకు నోరు జాస్తి. దేవుడు ఎదురుపడినా ముందు ఒక ఎకసక్కెం ఆడి, ఆ తరువాత దండం పెట్టే రకం.

అతను షీటు అంచు లేపి చూశాడు.

"అప్పా, ఈ షీటు సుమ్నే, ఊరికే లేచి వస్తాది. బంకే రాదు. వేన్నీళ్ళు పోసి, తడి గోనిపట్టలు పరిచి నానబెట్టి, మెల్లమెల్లగా గీకల్ల. వారం దినాలు పట్టినా పట్టొచ్చు."

"వారమా! శుక్రవారం కృష్ణగిరోళ్ళు వస్తా ఉండారప్పా!"

"అయితే వాళ్ళ చేతికీ తలా ఒక గీకుడు రేకు ఇద్దాం. సీకిరం అయిపోతాది."

"నీ పరాచికాలు పొయ్యిలో పెట్టు. పెట్రోలు పోస్తే ఏమి?"

ఆంజప్ప తల గోక్కున్నాడు. "పోస్తే కరుగుతాది. లారీ షెడ్డుల్లో చేతికి అంటిన తారు అట్లనే తుడుస్తారు. కాని వాసన తట్టుకునేదానికి కాదప్పా. వాకిలి, కిటికీలు అన్నీ బార్లా తెరవల్ల."

"అదొక్కటి మాత్రం కుదరదు," అన్నాడు అశ్వత్థప్ప.

ఎందుకు కుదరదంటే, ఎదురింట్లో మంజులమ్మ ఉంది. ఆమె కంట పడిన సంగతి తెల్లారేలోగా జూజువాడి చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో తిరుగుతూ ఉంటుందని వీధిలో పేరు. ఊరంతా పిలిచి చూపించిన నేల ఏడాదికే ఉబ్బిపోయిందంటే పరువేం కావాలి? పైగా తలుపులు తెరిస్తే పెట్రోలు ఊరికే ఆవిరైపోతుందని, మూసి ఉంచితే కొంచెంతోనే పని జరుగుతుందని అశ్వత్థప్ప తనకు తానే ఒక లెక్క చెప్పుకున్నాడు. బుధవారం పొద్దున్నే కిటికీలు బిగించి, సందులకు మైదా జిగురుతో పాత పేపర్లు అంటించాడు.

బుధవారం ఆంజప్పకు, గంగక్కకు షీటు ఊడబెరకడంతోనే సరిపోయింది. గురువారం మధ్యాహ్నం ఆ ముక్కలను దూరంగా పారవేయడానికి ఆంజప్ప ఒంటెద్దు బండి తెచ్చాడు. ఎవరికీ కనబడకుండా పైన గడ్డి కప్పమన్నాడు అశ్వత్థప్ప. బండి కదిలిందో లేదో మంజులమ్మ వాకిట్లో ప్రత్యక్షమైంది.

"ఏమప్పా ఆంజప్పా, గొడ్డూ గోదా లేని ఇంట్లో నుంచి గడ్డి పోతా ఉండాదే?"

"సావుకారప్ప దగ్గర ఎద్దును నేనే కదమ్మా! తిని మిగిలించిన గడ్డి ఇది," అని ఆంజప్ప బండి తోలుకుని జూజువాడి దిక్కుగా పోయాడు.

అతను నవ్వుతూ పోయాడు. లోపల గంగక్క నవ్వే స్థితిలో లేదు.

పొద్దున్నుంచి ఆమె నేల మీద పెట్రోలు చల్లుతూ, మెత్తబడిన బంకను ఇనుపరేకుతో గీకుతూ, గుడ్డలతో తుడుస్తూ ఉంది. మధ్యాహ్నానికే కణతలు పగిలిపోయేటట్లు తలనొప్పి పట్టుకుంది. పెరట్లో జామకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే, వెనుక తలుపు కొంచెం తీసుకుని బయటికి వచ్చి పాలివ్వబోయింది. బిడ్డ నోరు పెట్టి వెంటనే మొహం తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పుకుంది.

ఉయ్యాల పక్కనే నిలబడిన ఆదిలక్ష్మమ్మ అడిగింది. "ఏమ్మా గంగా, బిడ్డకు ఒంట్లో బాగాలేదా?"

"బిడ్డ బాగానే ఉండాదమ్మా. నా ఒళ్ళే దానికి పరాయి వాసన కొడతా ఉండాది. కడుక్కున్నా పోలేదు."

"నీ కండ్లు చూడు, మిరపపండ్లు అయినట్లుండాయి. కొంచేపు పండుకో."

"పండుకుంటే పని ఎట్లమ్మా? రేపటికి ముగించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని అప్ప చెప్పినారు. ఈడ పని పోతే మళ్ళీ కొండకు పోవల్ల. ఆడ గొర్లకే గడ్డి లేదు, మాకేముండాది?"

ఆదిలక్ష్మమ్మ లోపలికి పోయి భర్తతో చెప్పింది. "ఇదిగోండి, ఒక్క కిటికీ అన్నా తెరుద్దాం. ఆ బిడ్డతల్లికి తల తిరుగుతా ఉండాదంట."

అశ్వత్థప్ప మండీకి పోవడానికి అంగీ తొడుక్కుంటున్నాడు. "ఈ ఒక్క పొద్దు ఓర్చుకోమను. మజ్జిగ ఇయ్యి, తల తిరిగేది నిలుస్తాది."

"సందేళకు దీపం పెట్టేటప్పుడు వాకిలి తెరవల్ల కదా?"

"ఈ పొద్దు మూసే పెట్టు. లక్ష్మీదేవికి మన ఇల్లు తెలీదా ఏమి? రేపు వస్తాదిలే."

ఆదిలక్ష్మమ్మ సరేనని తల ఊపింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు అదే అలవాటు. మజ్జిగ చెంబు గంగక్క చేతికిచ్చింది. గంగక్క రెండు గుక్కలు తాగి, వెనుక తలుపు మూసుకుని, మళ్ళీ ఆ నల్లటి నేల మీదికి పోయింది.

పొద్దు వాలింది. దీపాలు పెట్టే వేళ అయింది. ఆదిలక్ష్మమ్మ కాళ్ళు కడుక్కుని, నూనె పోసిన దీపం ఒక చేత్తో, అగ్గిపెట్టె ఒక చేత్తో పట్టుకుని నట్టింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. దీపం గూడు నట్టింట్లోనే ఉంది. అక్కడే నిలబడి పుల్ల తీసింది. గీయబోయి ఆగింది.

అత్తగారు బతికున్నప్పుడు చెప్పిన మాట ఆమెకు అడ్డం వచ్చింది. ముందు వాకిలి తెరవాలి, ఆ తరువాతే వత్తి ముట్టించాలి. మూసిన ఇంట్లో దీపం పెడితే గడప దాకా వచ్చిన లక్ష్మి వెనక్కు తిరిగి పోతుంది. భర్త మాట ఒక చెవిలో, అత్త మాట ఒక చెవిలో. జీవితంలో మొదటిసారి ఆదిలక్ష్మమ్మ, భర్త మాటను పక్కన పెట్టింది. పాపం, అందుకు కూడా ఆమెకు చనిపోయిన అత్తగారి తోడు కావలసి వచ్చింది!

"గంగా, రవంత వాకిలి గడియ తీయమ్మా, దీపం పెట్టల్ల," అని కేక వేసింది.

జవాబు లేదు. గీకుతున్న చప్పుడు కూడా లేదు.

ఆదిలక్ష్మమ్మ దీపం, అగ్గిపెట్టె కింద పెట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మసక చీకట్లో తడుముకుంటూ నట్టింట్లోకి అడుగు వేసింది. వాసనకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. గోడ పట్టుకుని పోయి వాకిలి గడియ లాగి, రెండు రెక్కలూ తెరిచింది. బయటి వెలుగు లోపలికి పడింది.

కిటికీ కింద గంగక్క పడి ఉంది. కిటికీ సందుకు అంటించిన పేపరు సగం చిరిగి వేలాడుతోంది. ఆ చిరిగిన ముక్క ఆమె గుప్పిట్లో ఉంది.

"మంజులా! ఓ మంజులా! పరిగెత్తి రావే!"

ఏ మంజులమ్మ కంట పడకూడదని కిటికీలు మూశారో ఆ మంజులమ్మే ఒక్క ఉరుకున వచ్చింది. ఇద్దరూ కలిసి గంగక్కను చంకల కింద పట్టి లాగి, వాకిటి తిన్నె మీద పండుకోబెట్టారు. "ఆదెక్కా, నువ్వు విసురు, నేను నీళ్ళు తెస్తాను," అని మంజులమ్మ పరిగెత్తింది. వీధిలోని ఆడవాళ్ళంతా చేరారు. కొంతసేపటికి గంగక్క కదిలి, కడుపులో ఉన్నదంతా కక్కి, "బిడ్డ..." అంది.

ఆదిలక్ష్మమ్మ ఆ పుల్ల ముందే గీసి ఉంటే ఏమయ్యేదో చదువరులకు వేరే చెప్పాలా? ఆచారం కాపాడింది అనేవాళ్ళను అనుకోనివ్వండి, కాదనను. నేను చూసినంతలో కాపాడింది తెరిచిన తలుపు.

అంతలో కబురు అందుకుని అశ్వత్థప్ప పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాకిట్లో జనం, బార్లా తెరిచిన తలుపులు, లోపల నల్లగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తున్న నేల. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"ఎవరెవరు చూసినారు?"

ఆదిలక్ష్మమ్మ తలెత్తింది. "వీధంతా చూసినారు. చూడనిది మీరొక్కరే. ఇప్పుడన్నా చూడండి."

అప్పుడు చూశాడు అశ్వత్థప్ప. నల్లబంక ఇరుక్కుని చీలిన గోళ్ళు. తెల్లబడిన పెదవులు. ఎవరో తెచ్చి పక్కన పడుకోబెట్టిన బిడ్డ తల్లి వైపు చేతులు చాచి, దగ్గరికి పోయి, ఆ వాసనకు మళ్ళీ మొహం తిప్పుకుని ఏడుస్తోంది. నిన్నటి నుంచి ఆ మనిషి తన ఇంట్లోనే ఉంది. ఆయన చూసిందల్లా నేలనే.

ఆంజప్ప ఖాళీ బండితో వచ్చాడు. జనాన్ని చూసి ఏదో ఎకసక్కెం ఆడబోయిన నోరు, తిన్నె మీద భార్యను చూసి అట్లనే ఆగిపోయింది. పరిగెత్తి వచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తలుపులు తెరవల్ల అని చెప్తినే అప్పా," అన్నాడు మెల్లగా. "చెప్పి, నేను గూడా నవ్వుకుంటా బండి తోలుకుని పోతినే."

ఆ మాటలో కోపం ఉండి ఉంటే అశ్వత్థప్ప ఎదురు మాట్లాడేవాడేమో. లేదు కనుక తల వంచుకున్నాడు. అదే బండిలో గంగక్కను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, రాత్రికి అక్కడే ఉండాలంది. బయటికి వచ్చి అశ్వత్థప్పతో, "ఇంకొంచెం సేపు ఆ గదిలోనే ఉండుంటే నా దగ్గరికి తెచ్చేదానికి ఏమీ మిగిలుండదు. ఎవరన్నా అగ్గిపుల్ల గీసుంటే తెచ్చేదానికి మీ ఇంట్లోవాళ్ళూ ఉండరు," అని చెప్పి లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున అశ్వత్థప్ప తన చేతులతోనే కిటికీలకు అంటించిన పేపర్లు చించేశాడు. అన్నీ తెరిచాడు. ఆదిలక్ష్మమ్మ జంఖానా తెచ్చి, "పరిచేదా? వాళ్ళు వచ్చే వేళయింది," అంది. ఆయన వద్దన్నాడు.

కేశవప్ప ఇద్దరు బంధువులతో వచ్చాడు. అశ్వత్థప్ప గడపలోనే నిలబడి ఉన్నదున్నట్లు చెప్పాడు. షీటు సంగతి, పెట్రోలు సంగతి, కిటికీల సంగతి, చివరికి "ఎవరెవరు చూసినారు" అన్న తన మాట కూడా దాచలేదు.

"అంతా తెలుసప్పా," అన్నాడు కేశవప్ప. "కుందారపల్లిలో బస్సు నిలిచినప్పుడే టీ అంగడాయన చెప్పినాడు. నువ్వు కిటికీలు మూసినావు గాని, సంగతి మాకన్నా ముందే బస్సెక్కింది."

వెనుక ఉన్న బంధువు కిసుక్కున నవ్వాడు. కేశవప్ప నవ్వలేదు. లోపలికి వచ్చి, సగం గీకిన ఆ జిడ్డు నేల మీదే, తెల్ల పంచె సంగతి చూసుకోకుండా కూర్చున్నాడు.

"నేను నేల చూసేదానికి రాలేదు అశ్వత్థప్పా. ఆ బిడ్డతల్లి బతికుండాదా లేదా తెలుసుకుందామని వచ్చినాను. లేదని వినింటే గడప తొక్కకుండానే తిరిగి పోతా ఉంటి. సరే, నాకు ఒక్క జవాబు చెప్పు. రేపు మా పిల్ల ఈ ఇంట్లో తలనొప్పి అంటే, ఊపిరాడలేదంటే, ఊరు చూస్తాదని కిటికీ మూస్తావా, తెరుస్తావా?"

అశ్వత్థప్ప తెరిచిన కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నిన్న అడిగింటే, తెరుస్తానని గట్టిగా చెప్పింటాను. అది అబద్ధమై ఉండును. ఈ పొద్దు ఏమి చెప్పేదానికీ నోరు రాలేదు."

"గట్టిగా చెప్పకపోతివి, అదే మేలు," అంటూ కేశవప్ప లేచాడు. "ఈ పని ముగించు. ముగించే విధం చూసి మాట్లాడుకుందాం. ఇప్పుడు నన్ను ఆసుపత్రికి పిలుచుకోని పో."

ఆ తరువాత పని వారం దాటి నడిచింది. పెట్రోలు చుక్క కూడా వాడలేదు. కాగుల్లో నీళ్ళు మరిగించి పోశారు. తడి గోనిపట్టలు పరిచి నానబెట్టారు. మెత్తబడిన చోట మెత్తబడినంత గీకి, మొండి మచ్చలను ఇసుకతో రుద్దారు. తలుపులు, కిటికీలు పొద్దున తెరిస్తే దీపాలు పెట్టేదాకా మూయలేదు. గంగక్కను రేకు ముట్టనివ్వలేదు. ఆమె కూలి ఆమెకు ఇచ్చి, ఇంట్లో ఉండి బిడ్డను చూసుకోమన్నారు. ఆమె వంతు పని అశ్వత్థప్ప చేశాడు.

సావుకారు మోకాళ్ళ మీద కూర్చుని గీకుతుంటే వీధి వీధంతా వచ్చి చూసింది. మంజులమ్మ గడప మీద తిష్ట వేసి సలహాలు ఇచ్చింది. ఆంజప్ప నోరు మళ్ళీ లేచింది.

"అప్పా, ఆ గీకుడు గీకితే నీ మనవని పెండ్లికి ముగుస్తాది. అది నేలప్పా, దోసె కాదు, అట్ల తడమద్దు."

"నువ్వు ఎద్దువు కదప్పా, నాకు నేర్పించు," అన్నాడు అశ్వత్థప్ప. వీధంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇన్నాళ్ళూ ఏ నవ్వుకు భయపడి కిటికీలు మూశాడో ఆ నవ్వు చెవిన పడి పోయింది, ఒంటి మీద గీత కూడా పడలేదు.

కేశవప్ప మాట ప్రకారం మళ్ళీ వచ్చాడు. గరుకుగా, అక్కడక్కడా నల్ల నీడలు మిగిలిన ఆ కాంక్రీటు నేల మీద విస్తరి వేయించుకుని భోంచేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చి తేరుకున్న గంగక్కను పిలిచి, ఆమెనే ముందు తాంబూలం అందుకోమన్నాడు. పెళ్ళి మాట ఆ రోజే ఖాయమైంది.

ఒక వారం పోయాక, నాలుగిళ్ళ అవతల ఉండే గుర్రప్ప పెళ్ళికని అశ్వత్థప్ప ఇంటికి సున్నం వేస్తున్న ఆంజప్ప కోసం వెతుక్కుంటూ వచ్చాడు. అశ్వత్థప్పను చూసి తనూ మోజు పడి అదే షీటు అంటించుకున్నవాడు. తిన్నె మీద కూర్చుని గొంతు తగ్గించి, "ఆంజప్పా, మా ఇంట్లో గూడా ఉబ్బిపోయింది. ఎవరికీ చెప్పొద్దు. చీకటి పడినాక పెరటి తలుపు నుంచి రా," అన్నాడు.

ఆంజప్ప నోరు తెరిచేలోగా అశ్వత్థప్ప లేచి నిలబడ్డాడు. వీధికంతా వినబడేటట్లు గట్టిగా అన్నాడు.

"గుర్రప్పా, ముందు నీ కిటికీలు తెరువు, ఆ తర్వాత పనోళ్ళను పిలువు. నేల చెడిపోయిందని ఊరు రెండు దినాలు నవ్వుతాది, మూడో దినం మర్చిపోతాది. మూసిన ఇంట్లో మన పరువు కోసం ఒక మనిషి పోతే, ఆ మనిషి బిడ్డలు బతికినన్నాళ్ళూ మర్చిపోరప్పా!"